వ్యవసాయ యంత్రాల పొగ, సాగునేల కాలుష్యం

ట్రాక్టర్లు, పవర్ టిల్లర్లు, వరికోత యంత్రాలు, నూర్పిడి యంత్రాలు, నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు, వీపున కట్టుకుని మందు కొట్టే పెట్రోలు స్ప్రేయర్లు పనిచేసేటప్పుడు పొగ వదులుతాయి. దానివల్ల సాగుభూమికి, పైరుకు, పొలంలో తిరిగే పురుగూపుట్రకూ మనుషులకూ కలిగే హానిని ఈ వ్యాసం సమీక్షిస్తుంది. ఈ మాట ఎత్తగానే చాలామందికి ఒకే దృశ్యం తోస్తుంది: సైలెన్సర్ లోంచి లేచిన నల్లటి మసి చేలో రాలి, మట్టిలో కలిసి, వేళ్ల గుండా గింజలోకి ఎక్కుతుందని. అందులో నిజం కొంతే ఉంది. సాక్ష్యాలను తూచి చూస్తే యంత్రాల పొగ పొలాన్ని నేరుగా మట్టి ద్వారా దెబ్బతీసేది తక్కువ. గాలిలో కలిసి, ఎండలో రూపం మార్చుకుని, ఆకు రంధ్రాల గుండా, పూల వాసనల గుండా, దున్నేవాడి ఊపిరి గుండా దెబ్బతీసేది ఎక్కువ. ఈ తేడా గుర్తించకపోతే రెండు పొరపాట్లు జరుగుతాయి. మట్టి పరీక్షలో ఏమీ కనబడలేదు కనుక హాని లేదనుకోవడం ఒకటి. పొలానికి పొలం శుద్ధి చేస్తే సరిపోతుందనుకోవడం రెండోది. ఈ హానిని ఆపగలిగిన చోటు ఇంజనే తప్ప మట్టి కాదు.

పొగలో ఉండేవి

పొలంలో పనిచేసే పెద్ద యంత్రాలు దాదాపు అన్నీ డీజిల్‌తో నడిచేవే. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపిన ఈ ఇంజన్‌లో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే అది వేడెక్కుతుంది. ఆ వేడిలోకి డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. దీని బలమూ బలహీనతా ఆ తుంపరలోనే ఉన్నాయి. చుక్క నడిమిభాగానికి గాలి చాలక సగం కాలిన కర్బనం మసిగా మిగులుతుంది. చుక్క అంచున మంట మరీ వేడెక్కి, గాలిలో మామూలుగా ఏ జోలికీ పోని నత్రజని కూడా ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారుతుంది. మంట వేడి పెంచితే మసి తగ్గుతుంది కానీ నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. వేడి తగ్గిస్తే ఇవి తగ్గి మసి పెరుగుతుంది. డీజిల్ ఇంజన్ తయారుచేసేవారంతా ఈ పీటముడి దగ్గరే తంటాలు పడతారు. కంటికి పొగ కనబడనంత మాత్రాన ఇంజన్ శుభ్రంగా ఉన్నట్టు కాదు. మసి కళ్లకు కనబడుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు చాలావరకు కనబడవు.

ఇవి కాక ప్రతి లీటరు డీజిల్ కాలినప్పుడు రెండున్నర కిలోలు దాటి బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. కార్బన్ మోనాక్సైడ్, కాలకుండా మిగిలిన ఇంధనపు ఆవిర్లు, ఇంధనంలో గంధకం ఉంటే సల్ఫర్ డయాక్సైడ్ కూడా వస్తాయి. మసి రేణువులకు అంటుకుని బెంజీన్ వలయాలు గొలుసుగా అల్లుకున్న పదార్థాలు కొన్ని ఉంటాయి. వీటిని పీఏహెచ్‌లు అంటారు. వీటిలో బెంజోపైరీన్ క్యాన్సర్ కారకమని రుజువైంది. పెట్రోలు స్ప్రేయర్ల సంగతి కొంచెం వేరు. వాటిలో చాలావాటికి రెండు స్ట్రోకుల ఇంజన్ ఉంటుంది. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. ఆ మిశ్రమంలో కొంత భాగం కాలకుండానే బయటికి వస్తుంది, అదీ మోసేవాడి భుజం పక్కనే. పొగ మోతాదులో ఇవి ట్రాక్టర్ ముందు చిన్నవే కానీ మనిషి ముక్కుకు ఇంత దగ్గరగా పనిచేసే ఇంజన్ పొలంలో మరొకటి లేదు.

మట్టిలోకి చేరేది ఎంత

నేరుగా మట్టిలో పడేదెంతో ఒక లెక్క వేసుకోవచ్చు. ఏడాదిలో ఒక ఎకరం వరిపొలంలో దుక్కికి, దమ్ముకు, కోతకు, గడ్డి కట్టలు కట్టడానికి కలిపి పాతిక లీటర్ల డీజిల్ కాలిందనుకుందాం. మన దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే పాతిక నుంచి యాభై అశ్వశక్తుల తరగతి ట్రాక్టర్లకు వర్తించే ట్రెమ్ 3ఏ అనే పొగ ప్రమాణం ప్రకారం ఇంజన్ చేసే ఒక్కో కిలోవాట్-గంట పనికి మసి 0.6 గ్రాములకు మించకూడదు. లీటరు డీజిల్‌తో సుమారు మూడుంబావు కిలోవాట్-గంటల పని జరుగుతుంది. ఆ లెక్కన లీటరుకు రెండు గ్రాములు, ఎకరానికి యాభై గ్రాముల మసి. ఒక ఎకరంలో పై పదిహేను సెంటీమీటర్ల మట్టి బరువు దాదాపు 900 టన్నులు. యాభై గ్రాములూ అక్కడే రాలినా 900 టన్నుల్లో అది లెక్కలోకి రాదు. నాజిల్ చెడిపోయి, ఎయిర్ ఫిల్టర్ పూడిపోయి, ప్రమాణానికి పదింతలు పొగ వదిలే బండి అయినా అర కిలో దగ్గర ఆగుతుంది. నిజానికి ఆ మసి అక్కడ రాలదు కూడా. డీజిల్ మసి రేణువుల్లో ఎక్కువ భాగం మైక్రాన్‌లో పదో వంతు పరిమాణంలో ఉంటాయి. అంత సన్నని రేణువు తన బరువుకు తాను కిందికి దిగదు. వానో మంచో దించేదాకా రోజుల తరబడి గాలిలో తేలుతూ ఊళ్లు, జిల్లాలు దాటిపోతుంది.

ఈ లెక్కకు పొలంలోంచే దొరికిన సాక్ష్యం ఇంగ్లండ్‌లో ఉంది. హార్పెండన్ దగ్గర రోథమ్‌స్టెడ్‌లో 1843 నుంచి పొలం ప్రయోగాలు సాగుతున్నాయి. అక్కడి వారు ఆనాటి నుంచీ మట్టి నమూనాలను సీసాల్లో భద్రపరుస్తూ వచ్చారు. ఆ పాత మట్టిని పరీక్షించి 1989లో వెలువరించిన పరిశోధన ప్రకారం దున్నే పొరలో పీఏహెచ్‌లు 1880ల తరవాత దాదాపు అయిదింతలయ్యాయి. అదే కాలంలో ఆ పొలాల్లోకి గుర్రం పోయి ట్రాక్టర్ వచ్చింది. అందుచేత తప్పు ట్రాక్టర్ మీదికి తోయడం సులువు. పరిశోధకులు మాత్రం అలా తేల్చలేదు. బొగ్గు, చమురు కాలిన పొగ ఆ ప్రాంతమంతటా గాలిలో వ్యాపించి రాలడమే ముఖ్యకారణమన్నారు. పొలంలోని మట్టి తన ట్రాక్టర్ పొగ కంటే చుట్టుపక్కల ఊళ్ల పొయ్యిలూ, ఫ్యాక్టరీలూ, బళ్లూ వదిలిన పొగనే ఎక్కువగా దాచుకుంది. ఈ ఫలితం ట్రాక్టర్‌ను నిర్దోషిగా వదిలిపెట్టదు. ఏ పొగ ఎక్కడ రాలుతుందో పొలం గట్లు నిర్ణయించవని మాత్రం చెబుతుంది. మన ట్రాక్టర్ పొగ పక్క మండలంలో రాలుతుంది, ఎవరి పొగో మన పొలంలో రాలుతుంది.

సీసం కథ కూడా ఇదే చెబుతుంది. ట్రాక్టర్ పొగతో పొలంలో సీసం పేరుకుంటుందన్న మాట ఇప్పటికీ వినబడుతుంది. ఇంజన్ సాఫీగా నడవడానికి సీసపు రసాయనం కలిపింది పెట్రోల్లో, డీజిల్లో కాదు. రోడ్డు పక్క గడ్డిలో, మట్టిలో సీసం పెరిగిందని 1960లలోనే అమెరికాలో గమనించారు. రోడ్డు నుంచి దూరం జరిగే కొద్దీ అది తగ్గిపోయేది. భారతదేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000లో ఆగింది. ప్రపంచంలో చివరిగా అల్జీరియా 2021లో ఆపింది. గాలిలో సీసం ఆ తరవాత త్వరగానే తగ్గింది. మట్టిలో పడ్డది మాత్రం పై పొరల్లో మట్టిరేణువులకు అంటుకుని తరతరాలు ఉండిపోతుంది. జాతీయ రహదారులను ఆనుకుని ఆకుకూరలు పండించే భూముల్లో మట్టి పరీక్ష అర్థవంతమైన పని. రోడ్డుకు దూరంగా ఉన్న మాగాణిలో సీసానికి ట్రాక్టర్‌ను తప్పుపట్టడం అర్థం లేని పని.

మట్టికి నేరుగా తగిలే దెబ్బ అసలే లేదని కాదు. కదలకుండా ఒకేచోట నెలల తరబడి నడిచే ఆయిల్ ఇంజన్ చుట్టూ, షెడ్డు ముందు, నూర్పిడి కళ్లంలో మసి, ఆయిలు, డీజిల్ పేరుకుంటాయి. అక్కడ పొగ కంటే ప్రమాదకరమైనది కాలిన ఇంజన్ ఆయిల్. ఇంజన్ లోపలి పీఏహెచ్‌లు, అరిగిన లోహాల పొడి అందులోకి దిగుతాయి. కొన్ని వందల గంటల్లో అందులో చేరినదంతా కొన్ని లీటర్ల ఆయిల్‌గా ఒకే చోట నేలపాలవుతుంది. ఆయిల్ మార్చి పాతది గట్టు పక్కన పారబోయడం పొగకు సంబంధించనిదిగా కనిపిస్తుంది కానీ మట్టి లెక్కలో అదే పెద్ద పద్దు. ఆకుకూరల మీద మసి పడటం కూడా పట్టించుకోవలసిన విషయమే. పీఏహెచ్‌లు మట్టిలోని సేంద్రియ పదార్థాన్ని గట్టిగా పట్టుకుంటాయి కనుక వేళ్లు వాటిని పెద్దగా పీల్చవు. ఆకు ఉపరితలం మాత్రం గాలిలోంచి తీసుకుంటుంది. కూరను బాగా కడిగితే పైన అంటిన మసిలో చాలా భాగం పోతుంది.

గాలిలో మారి తిరిగొచ్చేది

అసలు దెబ్బ ఓజోన్‌తో మొదలవుతుంది. ఆకాశంలో పైన ఉండి ఎండలోని హానికర కిరణాలను అడ్డుకునే ఓజోన్ మనకు మేలు. నేలమట్టంలో ఉండే అదే వాయువు మొక్కకు విషం. దీన్ని ఏ సైలెన్సరూ నేరుగా వదలదు. నైట్రోజన్ ఆక్సైడ్లు, గాలిలోని కర్బన ఆవిర్లు ఎండలో కలిసి దీన్ని తయారుచేస్తాయి. ఆకు బొగ్గుపులుసు వాయువు కోసం రంధ్రాలు తెరిచినప్పుడు ఓజోన్ లోపలికి దూరి కణాలను కాలుస్తుంది. మొక్క ఆ గాయాన్ని మాన్పుకోవడానికే శక్తి ఖర్చుపెడుతుంది, గింజకు పోయే తిండి తగ్గుతుంది. 1950లలో అమెరికా తూర్పు రాష్ట్రాల పొగాకు ఆకుల మీద సన్నటి మచ్చలు పడి నాణ్యత దెబ్బతింది. ఏ తెగులో తెలియక వాతావరణపు మచ్చ అన్నారు. అది ఓజోన్ పని అని 1959లో తేలింది. అంతకు ముందు ఏడాదే కాలిఫోర్నియా ద్రాక్ష ఆకుల మచ్చలకూ అదే కారణమని గుర్తించారు. చాలా సందర్భాల్లో మచ్చ కూడా పడదు, దిగుబడి మాత్రం తగ్గుతుంది. గోధుమ, సోయా, పప్పుధాన్యాలు దీనికి ఎక్కువ లొంగుతాయి. వరి కొంత తట్టుకుంటుంది.

దీని పరిమాణం మన దేశంలో చిన్నది కాదు. 2005 నాటి పరిస్థితిని లెక్కగట్టి 2014లో వెలువడిన ఒక అధ్యయనం ఓజోన్ వల్ల భారతదేశం ఆ ఒక్క ఏడాదిలో సుమారు 60 లక్షల టన్నుల పంట కోల్పోయిందని అంచనా వేసింది. అందులో గోధుమ 35 లక్షల టన్నులు, వరి 21 లక్షల టన్నులు. పోయిన ఆ తిండి 9.4 కోట్లమందికి సరిపోయేది. 2014లోనే వచ్చిన మరో పరిశోధన 1980 తరవాతి వాతావరణ మార్పు, గాలిలోని మసి, ఓజోన్ కలిసి 2010లో దేశపు గోధుమ దిగుబడిని 36 శాతం దాకా తగ్గించాయని లెక్కించింది. ఈ నష్టమంతా వ్యవసాయ యంత్రాల పుణ్యం కాదు. లారీలు, బొగ్గు కరెంటు కేంద్రాలు, నగరాల వాహనాలు, వంటచెరకు పొగ అన్నిటికీ ఇందులో వాటా ఉంది. యంత్రాల వాటా ఆ పెద్ద పద్దుల కంటే చిన్నదే.

అయినా ఆ వాటాకు దాని పరిమాణానికి మించిన బరువు ఉంది. కారణం రసాయన శాస్త్రంలోనే ఉంది. నగరం నడిబొడ్డున నైట్రోజన్ ఆక్సైడ్లు మితిమీరి ఉంటాయి. అప్పుడే వెలువడ్డ నైట్రిక్ ఆక్సైడ్ అక్కడి ఓజోన్‌ను కొంత మింగేస్తుంది కూడా. పల్లెల్లో పరిస్థితి తలకిందులు. చెట్లూ పైర్లూ వదిలే కర్బన ఆవిర్లు గాలిలో సమృద్ధిగా ఉంటాయి. కొరతగా ఉండేది నైట్రోజన్ ఆక్సైడ్లే. కొరత ఉన్న సరుకు కొంచెం వచ్చి చేరినా ఓజోన్ ఉత్పత్తి ఎగబాకుతుంది. అందుకే పల్లె గాలిలో పడ్డ ఒక్కో గ్రాము నైట్రోజన్ ఆక్సైడ్ నగరంలో పడ్డ గ్రాము కంటే ఎక్కువ ఓజోన్‌ను పుట్టించగలదు. దున్నే ట్రాక్టర్ ఆ గ్రామును మట్ట మధ్యాహ్నపు ఎండలో, నిలబడ్డ పైరు పక్కనే వదులుతుంది. తెలుగు ప్రాంతాల్లో వానాకాలపు మబ్బులూ వానలూ ఓజోన్‌ను అణచి ఉంచుతాయి. ఎండ కాసే యాసంగిలో మొక్కజొన్న, వేరుశనగ, మినుము, శనగ చేలలో ఉన్నప్పుడే దానికి వీలైన వాతావరణం. నష్టం జరిగిన పొలం, పొగ పుట్టిన పొలం ఒకటే కానక్కరలేదు. ఓజోన్ తయారు కావడానికి గంటలు పడుతుంది, ఈలోగా గాలి కదిలిపోతుంది.

పూలు, తేనెటీగలు, మనుషులు

పొగ మొక్కను తాకకుండానే పంటను తగ్గించగలదు. తేనెటీగ పువ్వును వెదుక్కునేది చాలావరకు వాసన పట్టుకుని. ఆ వాసన కొన్ని సుగంధ పదార్థాలు ఒక పాళ్లలో కలిసిన మిశ్రమం. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో ఆవజాతి పంట పూల వాసనను డీజిల్ పొగలో ఉంచి చూశారు. నైట్రోజన్ ఆక్సైడ్లు అందులోని కొన్ని పదార్థాలను నిమిషంలోపే హరించాయి. మిగిలిన వాసనను తేనెటీగలు సరిగా గుర్తుపట్టలేకపోయాయి. రీడింగ్ విశ్వవిద్యాలయం వారు ఇలాంటి పరీక్షనే నల్ల ఆవాల మొక్కలతో ఆరుబయట పొలంలో చేసి 2022లో ఫలితాలు వెలువరించారు. చట్టాలు అనుమతించే స్థాయి దాటని మోతాదులోనే డీజిల్ పొగ, ఓజోన్ వదిలితే పరాగసంపర్కం చేసే పురుగులు 62 నుంచి 70 శాతం తగ్గాయి. పూలను అవి సందర్శించడం 83 నుంచి 90 శాతం పడిపోయింది. గింజ కట్టడమూ తగ్గింది. పొద్దుతిరుగుడు, నువ్వు, పుచ్చ, దోస వంటి పంటలు వేసే తెలుగు రైతుకు ఈ ఫలితం దూరపు సంగతి కాదు. తేనెటీగ రాని పొద్దుతిరుగుడు పువ్వులో తాలు గింజలు మిగులుతాయి. ఆ నష్టం మట్టి పరీక్షలో గానీ, ఆకుమీద గానీ, రైతు ఖర్చుల పద్దులో గానీ ఎక్కడా కనబడదు.

మనుషుల విషయానికొస్తే సాక్ష్యం ఇంకా సూటిగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన మొదటి వర్గంలో చేర్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో దానికి ఉన్న సంబంధమే ఆ నిర్ణయానికి ఆధారం. మన ట్రాక్టర్లలో అత్యధిక భాగానికి అద్దాల క్యాబిన్ ఉండదు. పొగగొట్టం డ్రైవర్ ముందే ఉంటుంది, ఎదురుగాలి వీస్తే పొగంతా అతని మొహానికే. ట్రాక్టర్ యజమాని వేరు, రోజుకూలికి దాన్ని నడిపే కుర్రవాడు వేరు అయిన చోట్ల, సీజనంతా పది పన్నెండు గంటలు ఆ పొగ పీల్చేవాడికి బండి కొనేటప్పుడు గానీ బాగుచేయించేటప్పుడు గానీ మాట ఉండదు. పొలం కాలుష్యం గురించి రాసేటప్పుడు మనిషిని వేరే అధ్యాయంలోకి నెట్టడం సరికాదు. పొగకు అందరికంటే దగ్గరగా ఉన్నది అతడే.

అభ్యంతరాలు

ఈ వాదనకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం పొగలోనూ నత్రజని ఉంది కదా, అది ఎరువే కదా అన్నది. కెనడాలో, ఆస్ట్రేలియాలో కొందరు రైతులు ట్రాక్టర్ పొగను చల్లార్చి గొట్టాల ద్వారా విత్తనంతో పాటు నేలలోకి పంపి, ఎరువు ఖర్చు తగ్గుతుందని ఆశపడ్డారు కూడా. లెక్క చూస్తే ఆ ఆశ నిలవదు. పైన చెప్పిన ప్రమాణం ప్రకారం నైట్రోజన్ ఆక్సైడ్లు, కాలని ఆవిర్లు కలిపి కిలోవాట్-గంటకు 7.5 గ్రాములు మించకూడదు. అదంతా నైట్రోజన్ ఆక్సైడే అనుకున్నా పాతిక లీటర్లకు ఆరువందల గ్రాముల చిల్లర, అందులో అసలు నత్రజని రెండు వందల గ్రాముల లోపు. యూరియాలో చెప్పాలంటే నాలుగు వందల గ్రాములు. 45 కిలోల బస్తాలో నాలుగైదు పిడికిళ్లు కూడా ఎరువు కావాలంటే ఆ పొగంతా, దానిలోని మసితో సహా, మట్టిలోకి ఇంకాలి. ఎరువుగా ఆ నత్రజనికి లెక్కలేదు, ఓజోన్‌కు ముడిసరుకుగా మాత్రం ఉంది. ఒకే గ్రాము మట్టిలో అల్పం, గాలిలో అధికం కావడమే ఈ విషయం మొత్తానికి కీలకం.

రెండో అభ్యంతరం మరింత బలమైనది: గడ్డి తగలబెట్టే పొగ ముందు ట్రాక్టర్ పొగ ఎంత? ఇందులో నిజముంది. టన్ను వరిగడ్డి కాలిస్తే సుమారు మూడు కిలోల మసి రేణువులు వెలువడతాయని తరచూ వాడే అంచనా. ఎకరంలో రెండు టన్నుల గడ్డి కాలిస్తే ఆరు కిలోలు. ట్రాక్టర్ ఏడాది పొడుగునా అదే ఎకరంలో వదిలే యాభై గ్రాములకు ఇది నూరు రెట్లు దాటింది. మసి మాత్రమే లెక్కైతే ముందుగా ఆపవలసింది అగ్గిపుల్లనే, ఇందులో సందేహం లేదు. అయితే ఈ రెండూ వేరు వేరు సమస్యలు కావు. కోత యంత్రం వచ్చాకే మోడు పొడుగ్గా మిగలడం, గడ్డి చెదిరి పశువుకు పనికిరాకుండా పోవడం పెరిగాయి. నిప్పు పెట్టడం చాలాచోట్ల యంత్రపు కోతకు తోకగా వచ్చిన అలవాటు. గడ్డి మంట కొద్ది రోజుల పని, ఇంజన్ పొగ ఏడాది పొడుగునా ఉంటుంది. గడ్డిని కాల్చకుండా కట్టలు కట్టే బేలర్ నడిచేదీ ట్రాక్టర్ మీదే కనుక పెద్ద పొగను ఆపే పని చిన్న పొగ మీద ఆధారపడి ఉంది. ఆ చిన్న పొగ శుభ్రంగా ఉండటం ఇంకా ముఖ్యమవుతుంది.

మూడో అభ్యంతరం న్యాయానికి సంబంధించింది. నగరాల కార్లనూ ఫ్యాక్టరీలనూ వదిలి, గిట్టుబాటు ధర లేక అల్లాడే రైతు బండి మీద పడటం ఏమిటని. ఈ ప్రశ్న అడగవలసిందే. పొగను శుభ్రపరిచే ఫిల్టర్లు, ఎలక్ట్రానిక్ ఇంధన వ్యవస్థలు ట్రాక్టర్ ధర పెంచుతాయి, ఊరి మెకానిక్ చేతికి లొంగని మరమ్మతులు తెస్తాయి. కానీ ఓజోన్ వల్ల తగ్గిన దిగుబడి నష్టం ఎవరిదో కూడా అడగాలి. ఆ నష్టమూ రైతుదే. శుభ్రమైన ఇంజన్ ఖర్చును రైతు ఒక్కడే మోయాలనడం అన్యాయం. ఆ ఖర్చు ఎక్కువని చెప్పి పొగను వదిలేయడమూ రైతుకు మేలు కాదు. కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ లోయ దీనికి ఒక దారి చూపింది. కొండల నడుమ గాలి నిలిచిపోయే ఆ వ్యవసాయ లోయలో పాత డీజిల్ ట్రాక్టర్‌ను తుక్కుగా మార్చి కొత్తది కొనే రైతుకు ప్రభుత్వమే ఖర్చులో పెద్ద భాగం భరిస్తుంది. గాలి అందరిదీ కనుక ఖర్చూ అందరిదనే సూత్రం అది.

నాలుగోది కరెంటు మోటార్ల గురించి. పొగ పోయిందనుకుంటాం గానీ అది రామగుండం, కొత్తగూడెం బొగ్గు కేంద్రాలకు మారిందంతే కదా అంటారు. కొంతవరకు నిజం. తెలుగు రాష్ట్రాల్లో ఆయిల్ ఇంజన్లు చాలావరకు మూలపడటానికి కరెంటు మోటార్లు, 2004 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అమలైన ఉచిత విద్యుత్తు కారణం. బీహార్, తూర్పు ఉత్తరప్రదేశ్ వంటి చోట్ల డీజిల్ పంపుల మీద ఆధారపడటం ఎంతో కాలం సాగింది. బొగ్గు పొగ ఎత్తైన గొట్టం నుంచి, పట్టి ఉంచే పరికరాలు పెట్టగలిగిన ఒకే చోటు నుంచి వస్తుంది. లక్షల చిన్న ఇంజన్లకు అలాంటి పరికరాలు తగిలించడం సాధ్యం కాదు. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకం కింద వస్తున్న సోలార్ పంపులతో ఆ బొగ్గు వాటా కూడా తగ్గుతుంది. ఉచిత కరెంటు భూగర్భజలానికి చేసిన చేటు వేరే చర్చ. పొగ విషయంలో మాత్రం అది మేలే చేసింది.

ప్రమాణాలు, నివారణ

పొగను ఇంజన్ దగ్గరే ఆపవచ్చని రుజువైంది. రోడ్డెక్కని యంత్రాలకు అమెరికా 1990లలో, ఐరోపా సంఘం 1999లో ప్రమాణాలు మొదలుపెట్టాయి. ఐరోపాలో 2019 నుంచి అమలైన అయిదో దశ మసి బరువుతో పాటు రేణువుల సంఖ్యకూ హద్దు పెట్టింది. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లేవి బరువు తూగని సన్నటి రేణువులే కనుక ఇది పెద్ద ముందడుగు. భారతదేశం ట్రాక్టర్లకు 1999లో మొదటి దశను తెచ్చింది. ట్రెమ్ 4 దశ మొదట 2020 అక్టోబరుకు అనుకుని, వాయిదాలు పడుతూ 2023 జనవరి 1న అమల్లోకి వచ్చింది, అదీ యాభై అశ్వశక్తులు దాటిన వాటికే. ఆ దశలో మసి హద్దు 0.4 నుంచి 0.025 గ్రాములకు, అంటే పదహారో వంతుకు దిగింది. ఏటా ఎనిమిది లక్షలకు పైగా ట్రాక్టర్లు అమ్ముడయ్యే దేశంలో వాటిలో అత్యధిక భాగం యాభై లోపువే. అంటే కొత్త ప్రమాణం అసలు మందను వదిలి అంచునున్న కొద్దిపాటినే తాకింది. ఇంధనం మాత్రం అందరికీ మారింది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా అమ్మే డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు పది పాళ్లు మించదు. గంధకం ఎక్కువుంటే పాడైపోయే మసి ఫిల్టర్లను ఇప్పుడు చిన్న ట్రాక్టర్లకూ అమర్చడానికి ఇంధనం అడ్డు కాదు. అడ్డు ధరే.

ప్రమాణాలు మారేదాకా చేతులు ముడుచుకోనక్కరలేదు. దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ ఎప్పటికప్పుడు దులపడం, నాజిల్లు పంపు సెట్ చేయించడం, తేలిక పనికి పై గేరులో తక్కువ రేజ్‌తో నడపడం, ఊరికే నిలబడ్డప్పుడు ఇంజన్ ఆపడం పొగనూ డీజిల్ ఖర్చునూ ఒకేసారి తగ్గిస్తాయి. నల్లటి పొగంటే కాలకుండా పోయిన డీజిలే. దున్నడమే తగ్గించే పద్ధతులు ఇంకా మేలు. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో వరి కోసిన చేలో దుక్కి లేకుండా మొక్కజొన్న వేయడం, కోతకు ముందే పైరులో మినుము, పెసర చల్లడం చాలాకాలంగా ఉన్న అలవాట్లు. వరిని నారు నాటకుండా నేరుగా విత్తితే దమ్ముకు కాలే డీజిల్ మిగులుతుంది. కానుగ వంటి నూనెలతో చేసే బయోడీజిల్ మసినీ పీఏహెచ్‌లనూ తగ్గిస్తుంది కానీ నైట్రోజన్ ఆక్సైడ్లను కొద్దిగా పెంచే గుణం దానికి ఉంది. ఓజోన్‌ను దృష్టిలో పెట్టుకుంటే అది సంపూర్ణ పరిష్కారం కాదు. కాలిన ఆయిల్‌ను నేలపాలు చేయకుండా డబ్బాలో పట్టి తిరిగి కొనేవారికి అప్పగించడం ఏ ఖర్చూ లేని పని.

అన్నిటికంటే ముందు కావలసింది కొలత. మన గాలి నాణ్యత కేంద్రాలు చాలావరకు నగరాల్లో, పారిశ్రామిక వాడల్లో ఉన్నాయి. పైరు పెరిగే చోట మధ్యాహ్నం రెండు గంటలకు ఓజోన్ ఎంత ఉందో చెప్పే యంత్రాలు అరుదు. వ్యవసాయ పరిశోధన కేంద్రాలు వాన, ఎండ, తేమ రోజూ కొలుస్తాయి. వాటి పక్కన ఓజోన్, నైట్రోజన్ ఆక్సైడ్ల కొలత కూడా చేరితే, ఏ పంట ఏ నెలలో ఎంత నష్టపోతోందో అంచనాల మీద కాకుండా లెక్కల మీద మాట్లాడవచ్చు. రైతు తన మట్టి నమూనా పట్టుకుని పరీక్షకు వెళ్లగలడు. గాలి నమూనా పట్టుకుని వెళ్లడం అతని వల్ల కాదు. తన చేతిలో లేని ఆ కొలతను, తన ఒక్కడి వల్ల కాని ఆ శుభ్రతను సమాజం తనవంతుగా చేపట్టినప్పుడే ఈ కాలుష్యం తగ్గుతుంది.